రెండు కర్పూరం సీసాలు

మా అత్తగారు ఆరేడేళ్ళుగా నా ఉద్యోగం గురించి తెలిసినవాళ్ళందరికీ సగం అబద్ధం చెప్తూ వచ్చారు. "మా కోడలు ఫుడ్ కంపెనీలో చేస్తుందండీ" అనేవారు. అక్కడితో ఆపి, ఎదుటివాళ్ళు ఇంకో ప్రశ్న వేసేలోపే వాళ్ళ పిల్లల సంబంధాల గురించి అడిగేసేవారు. ఆవిడ ఆపేసిన ఆ రెండో సగంలో ఉన్నది గంజాయి.

నిజం చెప్పాలంటే గంజాయి ఆకుని నేను ఇంతవరకూ చేత్తో ముట్టుకోలేదు. ఎటోబికోలో ఎయిర్‌పోర్టు వెనకాల, గోడౌన్ల మధ్య ఒక చిన్న ఆఫీసు మాది. బిస్కట్లకీ, ఐస్‌క్రీములకీ, చిప్స్‌కీ వాసన, రుచి ఇచ్చే ఫ్లేవర్లు తయారుచేసేవాళ్ళు వాటి వివరాలు మాకు పంపుతారు. అందులో ఏ రసాయనం ఎంత ఉంది, ఒక మనిషి రోజుకి ఎంత తింటాడు, ఎంతవరకూ తింటే ఒంటికి పడుతుంది అని లెక్కకట్టి రిపోర్టు రాయడం మా పని. ఈ దేశంలో గంజాయి చట్టబద్ధమయ్యాక అదే ఫ్లేవర్లు గంజాయి కలిపిన గమ్మీల్లోకీ, అంటే నమిలే జెల్లీ మిఠాయిల్లోకీ, వేడిచేసి ఆవిరి పీల్చే వేప్ కార్ట్రిడ్జుల్లోకీ కూడా వెళ్ళడం మొదలైంది. దాంతో ఆ ఫైళ్ళూ మా టేబుళ్ళ మీదికే వచ్చాయి.

"నేను ముట్టుకునేది కాగితాలే అత్తయ్యా" అని ఒకసారి సర్దిచెప్పబోయాను.

"చేత్తో ముట్టుకోకపోతే ఏం, బుర్రతో ముట్టుకుంటున్నావుగా" అన్నారు. ఆవిడతో వాదనల్లో నాకు జవాబు దొరికేది సాధారణంగా మర్నాడు, బస్సులో.

ఈ ఉద్యోగం నాకు ఒళ్ళో వచ్చి పడలేదు. విశాఖపట్నంలో డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పినదాన్ని ఇక్కడికొచ్చి మొదటి చలికాలమంతా ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలకి స్టిక్కర్లు అంటించాను. తర్వాత ఒక ల్యాబులో గాజు సామాను కడిగాను. సాయంత్రం క్లాసులకి వెళ్ళి, విషశాస్త్రం చదివి, దాని పరీక్ష రాసి, మొదటిసారి ఫెయిలయ్యాను. ఫెయిలైన సంగతి మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇన్నాళ్ళకి ఇక్కడ రాస్తున్నాను. రెండోసారి పాసై ఈ ఆఫీసులో చేరాక కూడా చాలా ఏళ్ళు నేను రాసిన రిపోర్టుల కింద వేరేవాళ్ళ సంతకాలే ఉండేవి. లెక్క నాది, మాట నాది, ఆఖరి పేజీ మాత్రం ఇంకొకరిది. వంటంతా నేను చేసి, వడ్డించేటప్పుడు మాత్రం వంటింట్లో కూర్చోమన్నట్టు ఉండేది.

పోయిన నవంబరులో మా బాస్ నన్ను పిలిచి, "రాబోయే ఫైలు నుంచి నువ్వే సంతకం పెట్టు" అన్నారు. మా బాస్ పోలండ్ నుంచి వచ్చిన పెద్దావిడ, మా కంపెనీ ఆవిడ సొంతం. ఎవర్నీ మెచ్చుకోరు. ఆ మాట కూడా కాఫీ కప్పు కడుక్కుంటూ, నావైపు చూడకుండానే అన్నారు. నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని రెండు నిమిషాలు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి పనిలో కూర్చున్నాను.

సంతకం పెట్టేవాళ్ళకి మా ఆఫీసులో ఒక నియమం ఉంది, మా బాస్ పెట్టిందే. సంతకానికి ముందు రిపోర్టు చివరి భాగాన్ని మన పని ఏమీ తెలియని ఒక మనిషికి, ఆ మనిషికి అర్థమయ్యే మాటల్లో పైకి చదివి వినిపించాలి. కంపెనీ పేరు, సరుకు పేరు చెప్పకూడదు. మా బాస్ తన రిపోర్టులన్నీ వాళ్ళాయనకి చదువుతారు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. ఆయన నుదురు ముడిపడితే ఆ పేరా మళ్ళీ రాస్తారు. ఇదంతా చాదస్తమని నేను చాలాకాలం మనసులో నవ్వుకున్నాను.

నా మొదటి ఫైలు డిసెంబరులో వచ్చింది. ఒక గంజాయి సరుకుల కంపెనీ, మన దేశాలవాళ్ళని దృష్టిలో పెట్టుకుని, ఒక కొత్త ఫ్లేవరు చేయించింది. ఒకే ఫ్లేవరు, రెండు సరుకులు: తినే గమ్మీ, పీల్చే కార్ట్రిడ్జ్. నమూనా సీసా మూత తీసి, కాగితం పట్టీ ముంచి వాసన చూశాను. కాచిన పాలు, బెల్లం, యాలకులు, కాస్త నెయ్యి, వాటన్నిటి వెనకాల చల్లగా పచ్చకర్పూరం. చిన్నప్పుడు గుడిలో దొన్నెలో పెట్టించుకున్న చక్కెర పొంగలి, ఎటోబికో గోడౌన్ల మధ్య, నా టేబుల్ మీద ఉంది. పక్క టేబుల్ ఆయన్ని పిలిచి మరీ వాసన చూపించాను. "ఇది మా వాళ్ళది" అన్నాను, అదేదో నేనే కనిపెట్టినట్టు.

ఆ గర్వమే నా కొంప ముంచబోయింది.

ఆ ఫ్లేవరులో జాగ్రత్త పడాల్సిన పదార్థం కర్పూరమే. రవ్వంత అయితే సువాసన, మోతాదు మించితే విషం. పసిపిల్లలకైతే ఫిట్స్ వస్తాయి. గమ్మీల సంగతి మొదట తీసుకున్నాను. ఒక్కో గమ్మీలో ఎంత కర్పూరం ఉంది, ఒకటికి నాలుగు తిన్నా ఏమవుతుంది అని అన్నివైపుల నుంచీ చూశాను. లెక్క చక్కగా కుదిరింది. హద్దు ఒకటి పెట్టి, దానికి లోబడితే ఫరవాలేదని రాశాను.

కార్ట్రిడ్జ్ దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఏమీ లేదు. కంపెనీవాళ్ళు పంపిన కాగితాలన్నీ కర్పూరం తినడం గురించీ, ఒంటికి రాసుకునే బామ్‌ల గురించీ. వేడెక్కిన కర్పూరాన్ని రోజుకి ఇన్నిసార్లు ఊపిరితిత్తుల్లోకి లాగితే ఏమవుతుందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. నేను వెతికినా సరిపడా దొరకలేదు. తెలియదని రాయాల్సిన చోట అది. నేను మాత్రం శుక్రవారం సాయంత్రం ఇలా రాశాను: "ఆహారంలో అనుమతించదగిన మోతాదుకన్నా ఇందులో తక్కువ ఉన్నందున, పీల్చడం వల్ల కూడా ఆందోళన పడవలసిన అవసరం కనిపించదు."

ఇంగ్లీషులో ఆ వాక్యం ఎంతో హుందాగా ఉండింది. కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదటిరోజు చెప్పే పాఠమే దానికి అడ్డం. తిన్నదాన్ని లివరు ఒకసారి సోదా చేశాకే ఒంట్లోకి వదులుతుంది. పీల్చింది ఏ సోదా లేకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. ఇది నాకు తెలియక కాదు. నా మొదటి సంతకం, మా వంటింటి వాసన, రెండూ ఒకే ఫైల్లో వచ్చాయి. సరే అనాలని ఉండింది నాకు. అంతకు మించిన కారణం లేదు. సోమవారం సంతకం పెడతానని బాస్‌తో చెప్పి ఇంటికొచ్చేశాను.

ఆదివారం మా ఇంట్లో ధనుర్మాసం పూజ. మా చుట్టుపక్కల ఏడెనిమిది కుటుంబాలవాళ్ళం ఆ నెలలో ఆదివారాలు వంతులు వేసుకుంటాం. ఎవరింట్లో పూజ అయితే వాళ్ళింట్లో నైవేద్యం, భోజనాలు. నైవేద్యం వంట మా అత్తగారిది. దేవుడికి పెట్టేదాకా రుచి చూడరు కాబట్టి, ఉప్పూ తీపీ అన్నీ ఆవిడకి వాసనతోనే తెలుస్తాయి. గిన్నె మీద ముక్కు పెట్టరు. కాస్త ఎడంగా నిలబడి, అరచేత్తో ఆవిరిని తనవైపు తోసుకుంటారు. కెమిస్ట్రీ ల్యాబులో పిల్లలకి నేను నేర్పిన పద్ధతి అచ్చంగా అదే. నేను పుస్తకంలో చదివి నేర్పాను, ఆవిడ ఎక్కడ నేర్చుకున్నారో అడగలేదు.

ఆ రోజు పొద్దున ఆవిడ పూలు కడుతూ, "పొంగలి దించేముందు పచ్చకర్పూరం ఆవగింజంత వెయ్యమ్మాయ్" అని కేకేశారు.

ఇక్కడ నా తెలివితేటల గురించి కొంచెం చెప్పాలి. అంతకుముందు వేసవిలో అత్తగారు రెండు నెలలు కాల్గరీలో మా ఆడపడుచు ఇంట్లో ఉన్నప్పుడు, నేను వంటింటి అల్మరాలన్నీ ఖాళీచేసి సర్దాను. ఆఫీసు పద్ధతిలో అన్నిటికీ ఒకే రకం గాజు సీసాలు, లేబుల్ మెషీన్‌తో అచ్చుకొట్టిన లేబుళ్ళు. పచ్చకర్పూరం పలుకులు ఒక సీసాలో, చిదిమిపోయిన హారతి కర్పూరం బిళ్ళలు ఇంకో సీసాలో పోశాను. కర్పూరం రెండు రకాలు కాబట్టి మా నమూనాల లెక్కన, కర్పూరం ఇంగ్లీషు పేరులో మొదటి అక్షరంతో, సి-1, సి-2 అని అంటించి, ఏది ఏదో రాసిన జాబితా ఒకటి తలుపు లోపలివైపు అతికించాను. ఒకరోజు మా ఆయన ఆ కాగితం ఊడదీసి, వెనకవైపు పాలు, పెరుగు, కొత్తిమీర అని రాసుకుని షాపుకి పట్టుకెళ్ళారు. కొత్తిమీర ఇంటికొచ్చింది, జాబితా రాలేదు. నాకు గుర్తుందిలే అనుకున్నాను.

సి-1 మూత తీసి చిటికెడు వేసి, కలిపి, స్టవ్ ఆపాను.

అత్తగారు పూలబుట్ట పట్టుకుని వంటింట్లోకి వస్తూనే గుమ్మంలో ఆగారు. దగ్గరికొచ్చి ఆవిరిని ఒకసారి తోసుకున్నారు. మళ్ళీ ఒకసారి.

"ఇందులో ఏం వేశావమ్మాయ్?"

"పచ్చకర్పూరమే అత్తయ్యా."

"కాదు. ఇది వెలిగించేది."

నా నోరు ఊరుకోలేదు. తప్పు చేసి దొరికిపోయినప్పుడు నాకు చదువు గుర్తొస్తుంది. "రెండూ ఒకటే పదార్థం అత్తయ్యా. వేసింది కూడా చిటికెడే" అన్నాను.

"ఒకటే అయితే రెండు సీసాలు ఎందుకు కొన్నావు?"

హారతి బిళ్ళలు తినడానికి తయారుచేసినవి కావు. వాటిని ఎలా చేశారో, ఎంత శుద్ధి చేశారో, ఇంకేం కలిసిందో ఎవరూ చూడరు, చూడనక్కర్లేదు కూడా. ఆవిడ ఆవగింజంత అంటే నేను చిటికెడు వేశాను, అది రెండో తప్పు. ఇంకో గంటలో వచ్చేవాళ్ళలో ఒకమ్మాయికి ఏడో నెల. ఇద్దరు చిన్నపిల్లలు. ఆ పొంగలి గిన్నెల్లో పెట్టి వాళ్ళ చేతికి ఇచ్చేది నేనే.

అత్తగారు కొత్త గిన్నె తీసి, బియ్యం, పెసరపప్పు కడిగి మళ్ళీ పొయ్యి మీద పెట్టారు. "అది పారబోసి, యాలకులు దంచు" అన్నారంతే. నేను కోటు వేసుకుని, మంచులో, పొగలు కక్కుతున్న పొంగలిని తీసుకెళ్ళి తడిచెత్త వేసే గ్రీన్ బిన్‌లో కుమ్మరించాను. చెత్త కోసం రాత్రుళ్ళు మా వీధిలో తిరిగే రకూన్లనే జంతువులు గ్రీన్ బిన్ మూతలు తియ్యడంలో ఆరితేరినవి. వాటికి మాత్రం ఏం ఖర్మ అని, మూత మీద ఇటుక పెట్టి వచ్చాను.

పూజ అరగంట ఆలస్యమైంది. హారతి వెలిగించగానే ఎప్పట్లాగే స్మోక్ అలారం మోగడం మొదలెట్టింది. మా ఆయన ఎప్పట్లాగే కుర్చీ ఎక్కి దాని కింద తువ్వాలుతో విసిరారు. చలికి కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. చిన్నపిల్లలిద్దరూ దగ్గుతుంటే అత్తగారు వాళ్ళని రెక్క పుచ్చుకుని హాల్లోకి పంపేశారు. నైవేద్యం అయ్యాక అందరూ పొంగలి రెండేసిసార్లు పెట్టించుకుని తిన్నారు. ఆలస్యానికి కారణం ఎవరో అడిగితే, "స్టవ్ సరిగా అంటుకోలేదండీ" అన్నారు అత్తగారు. మాది కరెంటు స్టవ్. ఆవిడ అబద్ధాలు నాకు పనికొచ్చిన మొదటిరోజు అదే.

అందరూ వెళ్ళిపోయాక, మధ్యాహ్నం మూడింటికి, రిపోర్టు తీసుకుని కూర్చున్నాను. మర్నాడు సంతకం. చదివి వినిపించడానికి మన పని తెలియని మనిషి కావాలి. మా ఆయన సోఫాలో నిద్రపోతున్నారు. అత్తగారు హీటర్ గాలి వచ్చే చోట పీట వేసుకుని, రేపటి కూరకి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు కాబట్టి తెలుగులో చెప్తూ పోయాను.

"ఒక మిఠాయిలో ఇంత కర్పూరం వేస్తారు, అంతవరకైతే ఫరవాలేదు అని రాశాను అత్తయ్యా."

"గంజాయి మిఠాయిలోనా?"

"అవును."

"ఊఁ" అన్నారు, ఒక చిక్కుడుకాయని అవసరానికి మించి గట్టిగా విరిచి. "తర్వాత?"

"తర్వాత, అదే కర్పూరాన్ని వేడిచేసి పీల్చే సరుకు ఒకటుంది. తింటే ఫరవాలేదు కాబట్టి..."

అక్కడ నా నాలుక ఆగింది. కాగితం మీద చూసుకున్నాను. ఇంగ్లీషులో అదే హుందాతనం. బలవంతాన పూర్తిచేశాను. "తింటే ఫరవాలేదు కాబట్టి పీల్చినా ఫరవాలేదు అని రాశాను."

పొద్దున పొంగలి గిన్నె ముందు నిలబడి నేను అన్న మాటే అది. రెండూ ఒకటే పదార్థం. నా గొంతులో నాకే వినపడింది. ఇప్పుడు ఆవిడ తలెత్తి, పొద్దున అడిగినట్టే ఏదో ఒకటి అడుగుతారని ఎదురుచూశాను. అడిగితే సిగ్గుపడి దిద్దుకుందామని కూడా సిద్ధమయ్యాను.

ఆవిడ "ఊఁ, తర్వాత?" అన్నారు.

నేను ఆవిడ ముఖం వంక చూశాను. ఏ అనుమానమూ లేదు. వంటింట్లో నేను చెప్పింది ఒక్క క్షణం నమ్మని మనిషి, కాగితంలో ఉన్నదాన్ని నమ్మేశారు. కోడలు చదువుకుంది, లెక్క చూసే ఉంటుంది, ఆఫీసు కాగితం కదా అని నమ్మేశారు. అంత భయం నాకు పొద్దున పొంగలి దగ్గర కూడా వెయ్యలేదు. పొంగలిని పట్టుకోవడానికి ఆవిడ ముక్కు ఉంది. ఈ వాక్యాన్ని పట్టుకోవడానికి నా తర్వాత ఎవరూ లేరు. సంతకం అంటే అదేనని, ఇన్నేళ్ళు దానికోసం ఏడ్చినదాన్ని, నాకు ఆ చిక్కుడుకాయల ముందు తెలిసింది.

"ఇక్కడ తప్పు రాశాను అత్తయ్యా" అన్నాను.

"అయితే దిద్దుకో. ఇంకా ఆదివారమేగా" అన్నారు, చిక్కుడుకాయల మీంచి కళ్ళెత్తకుండా.

చీకటి పడేలోపు దిద్దాను. గమ్మీకి నేను పెట్టిన హద్దు అలాగే ఉంచాను. కార్ట్రిడ్జ్ దగ్గర ఆ పొడుగు వాక్యం కొట్టేసి, తిన్న లెక్క పీల్చడానికి పనికిరాదని, పీలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఆధారం లేదని, ఆ ఆధారం వచ్చేవరకూ ఈ ఫ్లేవరుని పీల్చే సరుకులో వాడడం క్షేమమని నేను అనలేనని రాశాను. కొత్త వాక్యాలు పొట్టివి. హుందాగా లేవు. వాటిని కూడా అత్తగారికి చదివాను. "ఇది నీలాగే ఉంది" అన్నారు. అది మెప్పో దెప్పో ఇప్పటికీ తెలియదు.

సోమవారం బాస్ కొత్త పేజీ చదివి, చాలాసేపు పాత పేజీ పక్కన పెట్టుకుని చూశారు. ఆ కంపెనీ మాకు కొత్త. వాళ్ళు తర్వాత ఇంకా చాలా ఫ్లేవర్లు తెస్తామన్నారు. నా పేరు వాళ్ళకి చెప్పి, ఈ ఫైలు మా అందరికన్నా ఈమెకే బాగా అర్థమవుతుందని హామీ ఇచ్చింది మా బాసే.

"శుక్రవారం వేరేగా ఉంది" అన్నారు.

"శుక్రవారం నేను రాసింది తప్పు."

"ఎవరికి చదివావు?"

"మా అత్తగారికి."

"ఆవిడ పట్టుకున్నారా?"

"లేదు. నమ్మేశారు."

మా బాస్ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "వాళ్ళతో ఫోన్లో నువ్వే మాట్లాడు. సంతకం నీది కాబట్టి వాక్యం కూడా నీదే" అన్నారు.

ఫోన్లో కంపెనీ మనిషి మర్యాదగానే మొదలెట్టాడు. ఐదు నిమిషాలకి మర్యాద పల్చబడింది. ఇది వేలమంది రోజూ తినే ఫ్లేవరే కదా అన్నాడు. తినే ఫ్లేవరే, పీల్చేది కాదు అన్నాను. వేరే చోటికి వెళ్తే ఒక్క రోజులో సంతకం పెట్టేవాళ్ళు ఉన్నారన్నాడు. ఉండొచ్చు అన్నాను. ఆఖరికి, "మీ దేశంవాళ్ళు మీ వంటల్లో ఇదే వేసుకుంటారు కదండీ, మీకు తెలియనిదా?" అన్నాడు.

"వేసుకుంటాం. వెలిగిస్తాం కూడా. అందుకే మా ఇంట్లో రెండు సీసాలు ఉంటాయి" అన్నాను.

అతనికి ఏమీ అర్థమై ఉండదు. నాకు మాత్రం జవాబు మర్నాడు కాకుండా, బస్సులో కాకుండా, మాట్లాడుతుండగానే దొరికింది. జీవితంలో మొదటిసారి.

ఫోన్ పెట్టేసి సంతకం పెట్టాను. నా సంతకం తెలుగులో ఉంటుంది. కాలేజీ రిజిస్టర్లో అదే పెట్టేదాన్ని, పాస్‌పోర్టులో అదే, ఇక్కడ స్థిరంగా ఉండడానికి ఇచ్చే పీఆర్ కార్డులో అదే. గోడౌన్‌లో మొదటి జీతం కాగితం మీద పెట్టినప్పుడు సూపర్‌వైజరు అది బొమ్మ అనుకుని నవ్వాడు. మార్చుకొమ్మని మా ఆయన కూడా అన్నారు. మొండికేసి మార్చలేదు. ఇన్నేళ్ళూ ఖాళీగా చూసిన ఆ గీత మీద, ఇంగ్లీషు అక్షరాల మధ్య గుండ్రంగా నా పేరు కూర్చుంది. ఒప్పుకోలు మీద మొదటి సంతకం పెట్టాలని కలలు కన్నదాన్ని, పెట్టింది సగం కాదనడం మీద. అయినా, చెప్పుకోవడానికి సిగ్గెందుకు, నాకు నా మీద చాలా గర్వంగా అనిపించింది.

కంపెనీవాళ్ళు గమ్మీ ఫైలు కూడా వెనక్కి తీసుకుపోయారు. తర్వాత తెస్తామన్న ఫ్లేవర్లు రాలేదు. కార్ట్రిడ్జ్‌కి ఇంకెవరైనా సంతకం పెట్టారో లేదో నాకు తెలియదు. బస్‌స్టాప్ పక్కన ఉన్న గంజాయి షాపు అద్దంలోంచి ఇప్పటికీ ఒకసారి లోపలికి చూస్తాను; ఆ వాసన పేరు ఇంతవరకూ కనిపించలేదు. బాస్ ఆ విషయం నా దగ్గర మళ్ళీ ఎత్తలేదు. రెండు వారాల తర్వాత ఇంకో ఫైలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు, సంతకం చోట నా పేరు ముందే టైపు చేయించి.

దాంతోపాటు ఒక కవరు కూడా ఇచ్చారు. మొదటి రిపోర్టు సంతకం చేసినవాళ్ళకి ఆ ఆఖరి పేజీ నకలు ఇవ్వడం మా ఆఫీసులో అలవాటట. కంపెనీ పేరు, సరుకు పేరు అన్నీ నల్లటి గీతల కింద కప్పేసి ఉన్నాయి. "అత్తగారికి చూపించు. ఆవిడ విన్నారు కాబట్టి" అన్నారు మా బాస్. తను కూడా మొదటిది వాళ్ళాయనకే ఇచ్చానని చెప్పారు.

ఆ సాయంత్రం కాగితం అత్తగారి చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. పైన అంతా ఇంగ్లీషు, మధ్యలో నల్లటి గీతలు. వేలు పెట్టుకుని ఒక్కో వరుసా దిగుతూ వచ్చి, అట్టడుగున ఆగారు. ఆ పేజీ మొత్తంలో ఆవిడ చదవగలిగిన మాట అదొక్కటే. నా పేరు పైకి చదివారు. ఇంటిపేరుతో సహా, అది వాళ్ళ ఇంటిపేరే కాబట్టి, మళ్ళీ ఒకసారి చదివారు.

"ఇది పెట్టాక వాళ్ళు పీల్చేది చెయ్యలేదా?"

"మా దగ్గర వద్దన్నాం. బయట ఏం చేసుకున్నారో తెలియదు అత్తయ్యా."

"నీ పేరు మీద చెయ్యలేదుగా" అన్నారు.

ఆ తర్వాతి ఆదివారం పూజ ఇంకొకరింట్లో. హాలిఫాక్స్ నుంచి కొత్తగా వచ్చిన ఒక రిటైర్డ్ డాక్టరు గారి భార్య మా అత్తగారి పక్కన కూర్చుని, "మీ కోడలు ఏం చేస్తారండీ?" అని అడిగారు. నేను ఎదురుగా విస్తళ్ళు వేస్తున్నాను. ఫుడ్ కంపెనీ, ఆ వెంటనే ఆవిడ పిల్లల సంబంధాలు అనుకుని, వినకుండానే వింటున్నాను.

"గంజాయి కంపెనీలవాళ్ళు సరుకు పట్టుకొస్తే, పరీక్ష చేసి వద్దని చెప్పే ఉద్యోగమండీ" అన్నారు మా అత్తగారు, పక్క వరుసకి కూడా వినపడేలా. "సంతకం కూడా మా అమ్మాయిదే."

నేను అన్నిటికీ వద్దని చెప్పను. చాలావాటికి సరేననే రాస్తాను. సరుకు పరీక్ష మా ఆఫీసులో జరగదు, మావి కాగితాలే. ఇవన్నీ దిద్దాలి, సగం నిజాలను పట్టుకునే పని కదా నాది. కానీ ఆవిడ కోడలు అనలేదు, అమ్మాయి అన్నారు. నేను విస్తళ్ళు వేసుకుంటూ ముందుకెళ్ళిపోయాను.

ఇంటికొచ్చాక చూస్తే ఆ కాగితం దేవుడి మందసంలో, హారతి పళ్ళెం పక్కన నిలబెట్టి ఉంది.

"అక్కడ కర్పూరం వెలిగిస్తాం అత్తయ్యా, కాగితం అంటుకుంటుంది" అన్నాను.

ఆవిడ దాన్ని తీసి వంటింట్లోకి నడిచారు. అల్మరాలో ఇప్పుడు నా లేబుళ్ళు లేవు. రెండు కర్పూరం సీసాలు రెండు వేర్వేరు అరల్లో ఉన్నాయి. వాటి మీద ఆవిడ చేతిరాతలో "తినేది", "వెలిగించేది" అని ఉంది. ఆవిడ పై అరలో తినేదాన్ని కొంచెం జరిపి, వెనకాల నా సంతకం కనపడేలా కాగితాన్ని ఆనించి పెట్టారు. పొంగలి వండినప్పుడల్లా సీసా తీస్తే, మొదట కనపడేది అదే.